మొదటి సీనులో గొడుగు

ఆ రోజుల్లో సినిమా మొదటి సీను పోతే పోయినట్టే. వెనక్కి తిప్పి చూసుకోవడానికి చేతిలో మీటలేవీ ఉండేవి కావు. దీపాలు ఆరిపోయాక వచ్చినవాడు పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ కూర్చుని, "ఏటైంది? ఎవులు సచ్చిపోనారు? ఆ ఏడుస్తున్నావిడెవులు?" అని అడుక్కోవలసిందే. అలా అడిగేవాళ్ళకి చెప్పే పని మా స్నేహితుల గుంపులో నాది. ఏడాదిన్నరపాటు ప్రతి ఆదివారం మాటినీకి ముందు వెళ్ళి, ఆలస్యంగా వచ్చేవాళ్ళకి మొదటి సీను చెప్పేవాణ్ణి. చాలా బాగా చెబుతానని పేరుండేది. ఇప్పుడు యాభై దాటి, మిగిలిన నాలుగు వెంట్రుకలూ నెరిసిపోయాక, ఆ పేరు వెనకున్న సంగతి ఒప్పుకోవడానికి కూర్చున్నాను. ఆ ఏడాదిన్నరలో నేను ఒక్క సినిమా మొదటి సీను కూడా చూడలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఈ మాట చెప్పవలసిన రోజున, చెప్పవలసిన చోట, నోటినిండా కోడికూర పెట్టుకుని ఊరుకున్నాను. దాంతో నేనెరిగిన మనుషులందరిలోకీ అబద్ధమాడడం చేతకాని మనిషి ఒకడు ఏడేళ్ళు అబద్ధాలకోరన్న పేరు మోశాడు.

అప్పటికి స్టీల్ ప్లాంటు ఇంకా లేవలేదు. ఎక్కడ చూసినా ఎర్రమట్టి, గోతులు, ఇనుపచువ్వలు. నేను ఒక కాంట్రాక్టరు సైటు ఆఫీసులో గుమస్తాని. మా ఇల్లు వన్ టౌన్‌లో. తక్కిన నలుగురూ కూర్మన్నపాలెంలో ఒకే గదిలో ఉండేవాళ్ళు. వాళ్ళలో పెద్దవాణ్ణి మేమందరం రసమట్టం బావ అనేవాళ్ళం. రసమట్టమంటే తెలుసు కదా, చెక్కలో చిన్న గాజుగొట్టం, గొట్టంలో ఒక బుడగ. బుడగ సరిగ్గా నడిమికి వస్తే దిమ్మె సమంగా ఉన్నట్టు. యంత్రాలు కూర్చోబెట్టే దిమ్మెల మీద అది పెట్టి, "ఉంది", "లేదు" అని చెప్పడమే బావ పని. బావ "ఉంది" అన్నాడంటే ఇంజనీరు మళ్ళీ వంగి చూసేవాడు కాదు. ఆ పనిముట్టు మనిషిలోకి కూడా దిగిపోయింది. టీకొట్టుకి వెళితే బల్ల మీద పెట్టి చూసేవాడు. "బల్ల పడమటికి వాలిపోయింది బాబాయ్, గ్లాసు జారుతాది" అనేవాడు. "నీ సొక్కా బాగుందా?" అని అడిగితే బాగుంటే బాగుందని, లేకపోతే లేదని చెప్పేవాడు. (అందుకే కొత్త చొక్కాలేసుకున్నవాళ్ళు బావ కనిపిస్తే సందు మార్చేసేవాళ్ళు.)

బావ క్రైస్తవుడు. ఆదివారం ఉదయం చర్చి పూర్తిగా వదిలేదాకా కదిలేవాడు కాదు. బావ కదిలితే గానీ తక్కిన ముగ్గురూ కదిలేవారు కాదు. అక్కణ్ణుంచి మెస్సులో భోజనం, ఆ పైన బస్సు, గాజువాకలో బస్సు ఆగి ఆగి, చివరికి వన్ టౌన్ హాలుకి చేరేసరికి ఆట మొదలై పావుగంటయ్యేది. ఏ ఆదివారమూ ఇంతకుముందు రాలేదు, ఇంతకన్నా ఆలస్యమూ కాలేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. దగ్గర్లో ఉన్నాను కాబట్టి నేను ముందెళ్ళి క్యూలో నిలబడి అయిదు టిక్కెట్లు తీయాలి, బెంచీ క్లాసులో అయిదు సీట్లు ఆపాలి, మొదటి సీను శ్రద్ధగా చూసి ఇంటర్వెల్లో చెప్పాలి.

పైకి ఎంత సులువుగా ఉంది! బెంచీ క్లాసులో సీట్లు ఆపిన అనుభవం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది అదెంత యుద్ధమో. నంబర్లుండవు. తలుపు తీయగానే జనం గోదాంలో బస్తాలు దొర్లినట్టు వచ్చి పడతారు. ఒక్క మనిషి అయిదుగురి జాగా ఎలా ఆపగలడు? చేతిరుమాలు వేస్తే చేతిరుమాలు మీద కూర్చునేవారు. తువ్వాలు వేస్తే తువ్వాలుతో మెడ తుడుచుకుని మరీ కూర్చునేవారు. చివరికి మా నాన్న పాత గొడుగు పనికొచ్చింది. వెదురు పిడి, నల్ల గుడ్డ, ఒక పుల్ల విరిగి రెక్క వేలాడే కాకిలా ఉండేది. దాన్ని బెంచీ మీద బారుగా పడుకోబెట్టి, ఒక కొసన నేను కూర్చుంటే, మూడు సీట్లు ఆగేవి. నాలుగో దాని కోసం నేను లేచి నిలబడి, తెరకి వీపు పెట్టి, వచ్చిన ప్రతివాడితోనూ దెబ్బలాడాలి. "మనుషులొస్తున్నారండీ." "ఏరీ మనుషులు? గొడుక్కి టిక్కెట్టు తీసినావేటి?" "దార్లో ఉన్నారండీ." "దార్లో ఉన్నోలకి దార్లోనే సినిమా ఏసుకోమను!" ఈ పావుగంటా నా వెనక తెర మీద గుర్రాలు పరిగెత్తాయో, పసిపిల్లలు తప్పిపోయారో, ఇళ్ళు తగలబడ్డాయో నాకు తెలిసే దారి లేదు.

కానీ ఒకటి తెలిసేది. తెరకి వీపు పెట్టిన మనిషికి ఎదురుగా హాలంతా కనిపిస్తుంది. తెర వెలుగు జనం ముఖాల మీద ఆడుతుంటుంది. నేను మొదటి సీన్లన్నీ ముఖాల మీద చూశాను. ఇది చదివి నవ్వుకోకండి, అంత గొప్ప చదువు నాకు మళ్ళీ దొరకలేదు. మొదటి సీను బాగుంటే ముందు చెవికి తెలుస్తుంది. వేరుశెనక్కాయలు ఒలిచే చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. సోడాలమ్మేవాడు గోలీ నొక్కబోయి బొటనవేలు సీసా మీదే ఉంచి నిలబడిపోతాడు. నాతో దెబ్బలాడుతున్నవాడి నోరు సగం తిట్టులో తెరుచుకుని ఉండిపోతుంది, కళ్ళు నా భుజం మీంచి తెర మీదికి పోతాయి. (అలాంటి సినిమాలకి సీట్లు ఆపడం తేలిక.) బాగులేకపోతే ఆవలింతలు వరసగా పాకుతాయి, పిల్లలు ఏడుస్తారు, జనం నా గొడుగు వంక చూస్తారు. కథంతా ముందే చెప్పేసే సీనుకి ముఖాలు చల్లారిపోవడం, ఒక చిన్న ప్రశ్న వేసి వదిలేసే సీనుకి మెడలు ముందుకి సాగడం ఎన్నిసార్లు చూశానో. మొదటి సీను పని కథ చెప్పడం కాదనీ, కథ కోసం మనిషిని బెంచీ చివరికి లాక్కురావడమనీ నాకు ఇరవై రెండేళ్ళకే అర్థమైపోయింది. అర్థమయ్యాక మనిషి ఊరుకుంటాడా?

ఇంటర్వెల్లో టీ గ్లాసులు పట్టుకుని నలుగురూ చుట్టూ చేరేవారు. "సెప్పు సెప్పు, బెల్లు కొట్టేస్తాడు." మొదట్లో భయపడుతూ చిన్నచిన్నవి అల్లేవాణ్ణి, ఓ గుడిగంట, ఓ రైలు. సగం సినిమా చూసేశాను కాబట్టి కథకి అతికేలా చెప్పడం కష్టం కాదు. వాళ్ళు నోరు తెరుచుకుని వినడం చూశాక భయం పోయింది. రానురాను నా మొదటి సీన్లు సినిమాల కంటే బాగుండడం మొదలుపెట్టాయి. రసమట్టం బావ అందరికంటే శ్రద్ధగా వినేవాడు. మధ్యలో "అప్పుడు వెలుతురు ఎటునుంచి వచ్చింది?" అనో, "ఆడు సెప్పులేసుకున్నాడా?" అనో అడిగేవాడు. అడిగితే చెప్పాలి కదా, చెప్పేవాణ్ణి. చెప్పిందల్లా బావ తలలో దిమ్మె కట్టినట్టు కూర్చునేది.

ఇక ఆ సినిమా. దాని పేరు చెప్పను. ఆ రోజు ముఖాలు ఎంత చప్పగా ఉన్నాయంటే, మొదటి అయిదు నిమిషాల్లో నాలుగు వరసలు ఆవలించాయి. నాకు మావాళ్ళ మీద జాలేసింది. పాపం, ఎక్కడి కూర్మన్నపాలెం, ఎండలో, బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతూ వచ్చారు, వాళ్ళకి ఆవలింతల సీను చెప్పడమెలా? అప్పుడే హార్బరులో ఓడ కూత వేసింది. బెంచీ మీద గొడుగుంది. అంతే.

"తెరంతా నలుపు," అన్నాను ఇంటర్వెల్లో. "పాట లేదు, పేర్లు లేవు. ఎక్కడో దూరంగా ఓడ కూత. ఒక్కటే. నలుపు మెల్లగా తెల్లబడింది. మంచు. మంచులోంచి జెట్టీ. జెట్టీ మీద ఒకావిడ నడుచుకుంటూ వస్తోంది. గొడుగేసుకుంది. వాన లేదు, ఎండా లేదు. ఆవిడ ముఖం చూపించలేదు. నీళ్ళ అంచుకొచ్చి ఆగింది. గొడుగు తీసి కింద పెట్టింది. పెట్టేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. గొడుగుకి ఒక పుల్ల విరిగుంది. గాలికి అది అటు దొర్లుతోంది, ఇటు దొర్లుతోంది. మళ్ళీ ఓడ కూత. అప్పుడు సినిమా పేరు పడింది."

ఎవరూ టీ తాగలేదు. రసమట్టం బావ చిన్న గొంతుతో, "ఆ గొడుగు ఎవులిది?" అన్నాడు. "అదే కదా!" అన్నాను. (ఏది కదా అన్నది నాకూ తెలీదు.) మిగతా సగం సినిమా ఆ నలుగురూ ప్రాణాలుగ్గబట్టుకుని చూశారు. హీరో తల్లి చూరు కింద నిలబడితే "వాన పడ్డాది, గొడుగేదీ?" అని ఒకడు గొణిగాడు. ఆఖరి రీలులో ఆవిడ నిజంగానే గొడుగేసుకుని వచ్చేసరికి, మా వరస మొత్తం "ఆఁ!" అని లేచి నిలబడింది. వెనకవాళ్ళు కూర్చోమని కేకలు. హాలంతటిలో ఆ సినిమా అంత బాగా చూసినవాళ్ళు మావాళ్ళు నలుగురే. వస్తూ వస్తూ నా జబ్బ పట్టుకుని, "మొదట్నుంచీ సూసిన నువ్వు అదృష్టవంతుడివిరా" అన్నాడు బావ.

రెండు నెలలు తిరక్కుండా బావకి సంబంధం వచ్చింది. మద్దిలపాలెంలో పిల్ల, చిన్న బళ్ళో టీచరు, తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. బావకి తండ్రి లేడు. "నువ్వు పక్కనుంటే నాకు ధైర్యంరా" అని తల్లితో పాటు నన్నూ తీసుకెళ్ళాడు. ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన అయ్యాక భోజనానికే పిలిచారు. పెరట్లోని కోడిపుంజుని ఆ పొద్దునే మా కోసం కోశారట. నేను మూడోసారి వడ్డించుకుంటుండగా పిల్ల తండ్రి, "సినిమాలవీ సూస్తుంటారా బాబూ?" అని అడిగాడు. కొన్ని ఇళ్ళల్లో సినిమా మాటెత్తితే సంబంధం పోయే రోజులవి. ఇంకోడైతే "అబ్బే" అనేవాడు. మా రసమట్టం, "సూస్తానండి, ఆదివారం సర్చి అయ్యాక మాటినీకి" అన్నాడు. బావ తల్లి కళ్ళు మూసుకుంది. పిల్ల తండ్రి పకపకా నవ్వి, మూలన కూర్చుని మాట్లాడకుండా తింటున్న ఒక బక్కపలచటి మనిషిని చూపించాడు. "ఈడు మా బావమరిది. పిల్లకి మేనమావ. వన్ టౌన్ హాల్లో ఆపరేటరు. సినిమా మా కూటిలోనే ఉంది బాబూ!"

ఎన్నో మణుగుల బరువు దిగినట్టయింది బావకి. "అయితే ఆ గొడుగు సీను మీ సేతుల మీదగా పడిందే కదండీ!" అన్నాడు. "ఏ గొడుగు?" అంది పిల్ల తల్లి గరిటె పట్టుకుని. ఇక బావ చెప్పాడు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు. నలుపు, కూత, మంచు, జెట్టీ. ఓడ కూత నోటితో ఊది చూపించాడు. గరిటె గాలిలో ఆగిపోయింది. వంటింటి తెర పక్కకి జరిగింది, టీచరమ్మాయి గడప దాటి వచ్చేసింది. ఆ ముఖాలు! వేరుశెనక్కాయల చప్పుడు ఆగిపోయే ముఖాలు. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది. (కోడితో అంతకుముందే నిండింది.) అందరి వెనకా ఆపరేటరు మావ మాత్రం చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నెమ్మదిగా, "ఆ సినిమాలో మొదట్ల గొడుగు లేదు బాబూ" అన్నాడు.

"ఉందండి" అన్నాడు బావ.

"లేదు. అయిదు వారాలు, దినానికి నాలుగాటలు, నాను ఏసినాను. మొదట్ల హీరో తండ్రి కారు దిగుతాడు. కుక్క మొరుగుతాది. అంతే."

"మెషిన్లో దీపం కార్బన్ పుల్ల సరి సేసుకుంటా ఉండి సూసుండరు మావయ్యా."

అయిపోయింది. ఆపరేటరుతో అనకూడని మాట అది. ఆయన మెడ నరాలు లేచాయి. "ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది! నువ్వు సూసినావేటి? నీ కళ్ళతో నువ్వు సూసినావా?"

"లేదండి. నాను సూడనేదు. మా బస్సు లేటు. మావోడు సూసినాడు. ఈడు అబద్ధం సెప్పడండి" అంటూ, నడిమికొచ్చిన బుడగంత ధీమాగా, బావ నా వైపు చెయ్యి చూపించాడు.

గదిలో అందరి ముఖాలూ నా మీదికి తిరిగాయి. అన్నాళ్ళూ తెర చూస్తున్న ముఖాల్ని నేను చూశాను, తెర నేనవడం అదే మొదటిసారి. ఒక్కమాట, "నేను కల్పించానండీ" అంటే సరిపోయేది. నవ్వి ఊరుకునేవాళ్ళు. కానీ అది చెబితే గొడుగు ఒక్కటే పోదు, ఏడాదిన్నర సినిమాలన్నీ పోతాయి, ఇంటర్వెల్లో నా చుట్టూ చేరే ఆ నాలుగు తలలూ పోతాయి. నోట్లో కోడికాలుంది. దాన్ని నమిలాను. మింగాను. "గొడుగా?" అన్నాను. "నేను... నేనలా చెప్పినట్టు లేదే, బావా."

బావ చూపించిన చెయ్యి మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో మద్దిలపాలెం దాటాక, నా వైపు తిరిగి, "నువ్వు ఇంకే సినిమాకో సెప్పుంటావు. నానే కలిపేసుకున్నాను. తప్పు నాదేరా" అన్నాడు. తిట్టినా బాగుండేది. వారం తిరక్కుండా కబురొచ్చింది: కుర్రాడు బుద్ధిమంతుడే గానీ లేనిది ఉన్నట్టు చెబుతాడు, ఆలోచించుకుంటాం. అంతకంటే నన్ను కోసింది సైటులో చూసిన దృశ్యం. ఎప్పుడూ ఒక్కసారి చూసి "ఉంది" అనే బావ, దిమ్మె మీద రసమట్టం పెట్టి చూశాడు, తీసి మళ్ళీ పెట్టాడు, తిప్పి మళ్ళీ పెట్టాడు. "ఏమయ్యా, ఉందా లేదా?" అన్నాడు ఇంజనీరు. బావ కళ్ళజోడు తుడుచుకుని, "ఉన్నట్టే అగుపిస్తంది సార్. మీరూ ఓసారి సూడండి" అన్నాడు. కళ్ళతో చూసినదాన్ని కూడా నమ్మలేని మనిషిని చేసేశాను వాణ్ణి.

అదృష్టం కొద్దీ మూడు నెలలకి ఆ సంబంధమే కుదిరింది. పిల్లే పట్టుబట్టిందట. ఎందుకన్నది చాలాకాలం మాకెవరికీ తెలీదు. పెళ్ళయితే అయింది గానీ అత్తవారింట్లో బావ పేరు "గొడుగల్లుడు" అయిపోయింది. బావ "మా సైటులో ఇవాళ పెద్ద క్రేను లేపినారు" అంటే, ఆపరేటరు మావ, "గొడుగంత పెద్దదా?" అనేవాడు. జ్వరమొచ్చిందంటే, "నిజం జరమా, గొడుగు జరమా?" అందరూ నవ్వేవాళ్ళు. బావ కూడా నవ్వేవాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. నేనూ అక్కడే కూర్చుని నవ్వేవాణ్ణి. నన్ను అన్నయ్యా అని పిలిచే బావ భార్య, ఆ చెల్లెమ్మ మాత్రం నవ్వేది కాదు. నేను వెళ్ళిన ప్రతిసారీ భోజనం అయ్యాక ఎదురుగా నిలబడి, "ఇంకేటైనా సెప్తారా అన్నయ్యా?" అనేది. "చాలమ్మా, కడుపు నిండిపోయింది" అనేవాణ్ణి. ఏడేళ్ళపాటు అది కూర గురించే అడుగుతోందనుకున్నానంటే నా తెలివితేటలు మీరే చూడండి.

అప్పటికి ప్లాంటు లేచింది, బావకి కూర్మన్నపాలెంలో క్వార్టరొచ్చింది, క్వార్టరులోకి తలుపుల పెట్టెలాంటి టీవీ వచ్చింది. (దాని బల్లకి రసమట్టం పెట్టి, ఒక కాలి కింద అట్టముక్క దూర్చాకే బావ స్విచ్చి వేశాడట.) శనివారం సాయంత్రాలు తెలుగు సినిమా. ఒకనాడు ఆపరేటరు మావ మద్దిలపాలెం నుంచి ప్రత్యేకంగా మనిషి చేత కబురంపాడు: ఈ శనివారం ఆ సినిమాయే వేస్తున్నారు, ఇంటిల్లిపాదీ వస్తున్నాం, గొడుగుందో లేదో తేలిపోవాలి. "నువ్వు కూడా రారా" అన్నాడు బావ నాతో. "ఏడేళ్ళుగా నాకూ సూడాలనే ఉంది. మొదటి సీను." ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలో ఇంకా ఓ పిసరు ఆశ ఉంది. ఒకవేళ ఉందేమో, తను సరిగ్గానే విన్నాడేమో అని.

వెళ్ళాను. తెర బాగా కనిపించాలని కిటికీలన్నీ మూసేశారు. చాప మీద పిల్లలు, మంచం మీద ఆడవాళ్ళు, ఉన్న ఒక్క పేముకుర్చీలో ఆపరేటరు మావ. కళ్ళు ఆనక హాలు పని మానేసి ఏడాదయింది, అయినా న్యాయాధిపతిలా కూర్చుని, "ఈ అగ్గిపెట్టిలో సినిమా ఏటర్రా" అని మొదటి తీర్పు చెప్పేశాడు. ప్రకటనలయ్యాయి. తెర నల్లబడింది. ఇన్నేళ్ళకి మొదటిసారి నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను, అయినా చూపు బావ ముఖం మీదికే పోతోంది. తెర తెల్లబడింది...

కరెంటు పోయింది.

"సచ్చింది గొర్రె!" అన్నాడు ఆపరేటరు మావ చీకట్లో. "మా హాల్లో అయితే జనరేటరుండేది!" పిల్లలు గోల. ఎవరో అగ్గిపుల్ల వెతుకుతున్నారు. అంతలో బావ పెద్దకూతురు, ఆరేళ్ళది, నా మోకాలు పట్టుకుని, "మావయ్యా, నాన్న సెప్పినాడు, మొదటి సీను నువ్వు బాగా సెప్తావంట. కరెంటొచ్చేలోగా సెప్పవా" అంది. చీకట్లోంచే, చాలా మెల్లగా, నాకు బాగా తెలిసిన గొంతు, "ఇంకేటైనా సెప్తారా అన్నయ్యా?" అంది.

అప్పుడర్థమైంది, ఆవిడ అడుగుతున్నది కూర గురించి కాదని. అగ్గిపుల్ల వెలిగింది, కొవ్వొత్తి అంటుకుంది, ఆ వెలుగు ముఖాలన్నిటి మీదా ఆడింది. "మొదటి సీనులో..." అన్నాను. పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "మొదటి సీనులో హీరో తండ్రి కారు దిగుతాడమ్మా. కుక్క మొరుగుతుంది. అంతే. మీ మావయ్య తాత చెప్పిందే నిజం. గొడుగు నేను కల్పించాను. మీ నాన్న నేను చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. అడిగిన రోజున, నేనలా చెప్పనేలేదని అబద్ధమాడాను." అక్కడితో ఆగలేదు. సీట్లు, క్యూలు, తెరకి వీపు, ఏడాదిన్నర సినిమాలు, మొత్తం కక్కేశాను.

చెల్లెమ్మ మంచం మీంచి, "నాకు ఆనాడే తెలుసు" అంది. "ఈయన అబద్ధమాడే మనిషైతే 'నానే సూసినాను' అనేవోడు కదా. సూడనేదని ఒప్పుకున్నాడు. సూసినోడేమో ఎముక నవుల్తా కూకున్నాడు. అందుకే మా నాన్నతో పట్టుబట్టి సేసుకున్నాను." "మరి నాతో సెప్పనేదేటే?" అన్నాడు బావ. "ఆయనే సెప్పాలి గానీ నాను సెప్తే ఏం బాగుంటాది?" అంది.

ఆపరేటరు మావ పేముకుర్చీ కిర్రుమంది. పేతురని ప్రభువు శిష్యుడొకడు, ఆయనెవరో నేనెరగనని అబద్ధమాడినప్పుడు కోడి కూసిందట, వాళ్ళ గ్రంథంలో ఉంది. "ఆ దినం మనింట్ల కోడి కూయాల్సింది" అన్నాడు ఆయన గంభీరంగా. "ఎలా కూస్తాది మావయ్యా, ఈడి నోట్లో ఉంది కదా!" అన్నాడు బావ. ముందు పిల్లలు, తరవాత ఆడవాళ్ళు, ఆఖరికి ఆపరేటరు మావ, అందరూ విరగబడి నవ్వారు. నవ్వుల మధ్య మావ లేచి, తడుముకుంటూ వచ్చి, బావ భుజం మీద చెయ్యేసి, "అల్లుడా, మాట జారినాను. ఇక గొడుగనను" అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. బావ నన్నే చూస్తున్నాడు. కోపం లేదు. ఆనాడు టీ గ్లాసు పట్టుకుని, తాగడం మరిచిపోయి చూసిన చూపే. "ఒరే," అన్నాడు, గొంతు బాగా తగ్గించి, "మరి ఆ గొడుగు ఎవులిదిరా?"

ఏడేళ్ళు ఆ ప్రశ్న మోశాడు ఆ మనిషి. హాస్యం మాని, నా జీవితంలో మొదటిసారి నేనల్లిన సీను వెనకున్న అసలు సంగతి చెప్పాను. (ఈనాటికీ సినిమా మొదలవుతుంటే తెర వదిలి పక్కవాళ్ళ ముఖాలు చూసే ఈ ముసలివాడికి, ఆ కొవ్వొత్తి వెలుగులోని బావ ముఖమే కనిపిస్తుంది, నవ్వూ వస్తుంది, ఇంకోటీ వస్తుంది.)

"మా నాన్నది, బావా," అన్నాను. "పుల్ల విరిగింది. నువ్వు వచ్చేదాకా నీ సీటు మీద ఉండేది. తప్పు చేశాను. నన్ను క్షమించు."